పోపు పెట్టిన అర్జీలు

నందిలంక పాలిటెక్నిక్‌లో నోటీసు తెరను చదివిన పాపాన ఎవరూ పోయేవారు కాదు. "ఇందుమూలముగా విద్యార్థులకు తెలియజేయునది ఏమనగా" అని మొదలైతే చాలు, కళ్ళు వాటంతటవే పక్కకు తిరిగేవి. లైబ్రరీ పుస్తకాల గడువు దాటిపోయేది, పరీక్ష తేదీ దాటిపోయేది, ఆఖరికి ప్రిన్సిపాల్ గారి పుట్టినరోజు కూడా దాటిపోయింది. ఆ చివరిది ఆయన మనసులో పెట్టుకుని, కంప్యూటర్ విభాగంలో పాఠాలు చెప్పే హైమవతిని పిలిచి ఏదో ఒకటి చెయ్యమన్నారు.

హైమవతి చేసింది చిన్న పనే. సగం యంత్రాలు పనిచెయ్యని ఆ ల్యాబులో కూర్చుని అయిదు బుల్లి ప్రోగ్రాములు రాసి, అన్నిటినీ కలిపి పోపుల డబ్బా అని పేరు పెట్టింది. చప్పటి వాక్యం ఒకటి అందులో పడేస్తే అయిదు అరలూ తలా చిటికెడు చల్లి బయటికి పంపుతాయి. ఆవాలు మాటల్ని మారుస్తుంది. జీలకర్ర వాక్యాల వరస తిరగేస్తుంది. ఎండుమిరప కాస్త కోపం పెంచుతుంది. కరివేపాకు ముందొక మర్యాదమాట తగిలిస్తుంది. ఇంగువతో మాత్రం కొంచెం జాగ్రత్తగా ఉండాలి. అది ఎక్కడా లేని సంగతి ఒకటి కల్పించి, నిజమే కాబోలు అనిపించేలా మధ్యలో దూర్చేస్తుంది. ఏది ఎంత పడాలన్నది పాచికలు వేసినట్టు యంత్రమే తేల్చుకుంటుంది కాబట్టి ఒకసారి వచ్చింది మరోసారి రాదు.

"రేపు కళాశాలకు సెలవు" అన్న నోటీసుతో మొదలుపెట్టారు. పది నిమిషాల తర్వాత తెర మీద "మహాశయులారా, రేపు తమ దర్శనం మాకు అక్కర్లేదు" అని వచ్చింది. ఇంకో పది నిమిషాలకి "రేపు సెలవు, వాచ్‌మన్ గారి మేక కూడా పుట్టింటికి వెళ్తోంది" అని వచ్చింది. పిల్లలు గుంపులుగా నిలబడి చదివారు. సెలవురోజున కూడా పనిగట్టుకు వచ్చి ఏం రాసుందో చూసిపోయారు. వాచ్‌మన్ మాత్రం తనకసలు మేకే లేదని కనిపించినవాళ్ళందరికీ చెప్పుకుంటూ వారం రోజులు తిరిగాడు.

హైమవతికి ఇదంతా భలే సరదాగా ఉంది. ఇంటికొచ్చేసరికి సరదా కాస్తా దిగిపోయేది.

ఇల్లు పడవలపేటలో. పేటకీ ఊరికీ మధ్య పంటకాలువ. కాలువ మీది వంతెన రెండేళ్ళ కిందట కూలిపోయింది. దాని చోట రెండు తాటిదుంగలు వేసుకున్నారు. నిరుడు జూన్‌లో కాలువకి నీళ్ళు వదిలినప్పుడు అందులో ఒకటి కొట్టుకుపోయింది. ఇప్పుడు మిగిలింది ఒకే దుంగ. వచ్చే జూన్‌లో నీళ్ళొదిలితే అదీ ఉండదు. అప్పుడిక లాకుల మీదుగా నాలుగు కిలోమీటర్లు చుట్టుతిరిగి ఊళ్ళోకి వెళ్ళాలి.

హైమవతి తల్లి శేషారత్నానికి మోకాళ్ళనొప్పులు. దుంగ మీద నడవలేదు, చుట్టూ తిరిగి వెళ్ళలేదు. ఆవిడ అక్కగారు రాజ్యం ఇల్లు సరిగ్గా కాలువ అవతలి గట్టు మీదే ఉంది. వంతెన ఉన్నన్నాళ్ళూ అక్కాచెల్లెళ్ళిద్దరూ మధ్యాహ్నం మూడింటికి కలిసి కాఫీ తాగనిది రోజు గడిచేది కాదు. ఇప్పుడు చెరో గట్టు మీదా చెరో గ్లాసూ పట్టుకు నిలబడి కేకలేసుకుంటున్నారు. దాంతో రెండిళ్ళ గుట్టూ రెండు గట్లకీ తెలిసిపోయింది. హైమకి వచ్చిన సంబంధాలు, అవి తప్పిపోయిన కారణాలు పేటలో చంటిపిల్లలు కూడా వరసగా అప్పజెబుతారు.

తండ్రి ముక్తేశ్వరరావుది అర్జీలు రాసే వృత్తి. కలెక్టరాఫీసు ముందు రేకుల పాక కింద ముప్ఫై ఏళ్ళనుంచీ టైపు మిషను పెట్టుకు కూర్చున్న మనిషి. "మహారాజశ్రీ కలెక్టరు వారి దివ్యసముఖమునకు" అని మొదలయ్యే ఆయన అర్జీ ఒకటే నమూనా. కష్టం ఒకటైతే ఎందరికైనా అదే రాస్తాడు, పేరొక్కటే మారుస్తాడు.

"పదిమంది కష్టం ఒకటే అయినప్పుడు పదిమంది మాటా ఒకటే ఉండాలమ్మా. తలా ఓ మాట చెప్తే దాన్ని గోల అంటారు" అనేవాడు కూతురితో.

ఆయన పేరు శేషారత్నం నోటివెంట ఇంతవరకూ రాలేదు. ఆవిడ పుట్టి పెరిగిన పద్ధతి అది. నలభై ఏళ్ళ కాపురంలో "ఆయన", "మీ నాన్న", "ఏవండోయ్", వీటితోనే నెట్టుకొచ్చింది. జనాభా లెక్కలవాళ్ళు వస్తే హైమని ముందుకు తోసేది. హైమ ఇంట్లో లేని రోజున వాళ్ళని గోడకి తగిలించిన ఆయన సన్మానపత్రం దగ్గరికి తీసుకెళ్ళి "అదిగో, సదూకోండి" అంది.

ఆ ఏడు కలెక్టరాఫీసులోకి 'వినికిడి' వచ్చింది. అర్జీలు చదవడానికి పెట్టిన యంత్రం అది. సోమవారం నాడు జనం కాగితాలు దాని నోట్లో పెడితే, అదే చదివి, ఏ శాఖవాళ్ళు ఎక్కడికి వెళ్ళి ఏం చెయ్యాలో ఉత్తర్వు ఇస్తుంది. వారంలోగా ఆ పని పూర్తి చేసి, ఫొటో తీసి పంపాలి. లేకపోతే ఆ ఆఫీసరు ఫోను పనిచెయ్యదు. అందుకని దాని ఉత్తర్వును కాదనే మగాడు ఆ జిల్లాలో లేడు. రేకుల పాక కింది వాళ్ళు దానికి పెద్దచెవి అని పేరు పెట్టుకున్నారు.

ముక్తేశ్వరరావు పొంగిపోయాడు. మనిషి వినకపోయినా యంత్రం వింటుందని, పడవలపేటలో ఉన్న రెండువందల పద్నాలుగు ఇళ్ళకీ వంతెన కోసం రెండువందల పద్నాలుగు అర్జీలు కొట్టాడు. వేళ్ళు వాచిపోయాయి. మర్నాడు అన్నిటికీ కలిపి ఒకటే జవాబు వచ్చింది.

"ఒకే వ్యక్తి 214 పేర్లతో ఒకే అర్జీ పంపినట్లు గుర్తించడమైనది. ఇట్టి అల్లరి చేష్టలు మానుకొనవలెను."

ఆయన దాన్ని రెండుసార్లు చదివి, టైపు మిషను మీద గుడ్డ కప్పి, పడక్కుర్చీ గోడ వైపు తిప్పుకుని పడుకున్నాడు. మూడురోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. శేషారత్నం గట్టు మీదికి వెళ్ళి అక్కతో చెప్పుకుంది.

"అల్లరి సేత్తన్నాడంటే! అరవై రెండేళ్ళ మనిషిని పట్టుకుని అల్లరి సేత్తన్నాడని రాసిందక్కా ఆ ముదనష్టపు మిషను!"

"మరిదిగారు అన్నం తిన్నాడా?" అవతల నుంచి రాజ్యం కేకేసింది.

"మజ్జిగ పోసుకుని రెండు ముద్దలు తిన్నాడు!"

హైమవతి చూస్తూ ఊరుకోలేకపోయింది. మర్నాడు ఆయన అర్జీ నమూనాను పట్టుకెళ్ళి పోపుల డబ్బాలో వేసి, అయిదు అరలూ తెరిచి, రెండువందల పద్నాలుగు కాపీలు కావాలంది. ల్యాబులో ప్రింటరు మధ్యాహ్నం దాకా మూలుగుతూనే ఉంది. ఒక్కటి ఒక్కదానిలా లేదు. అంత కట్టలో ప్రతిదీ చదివే ఓపిక ఆమెకి లేకపోయింది. పైన నాలుగు, కింద నాలుగు చూసి, వంతెన మాట ఉందని తృప్తిపడి, వీధిలో పంచేసింది. ఇంగువ అరకి మూత పెట్టడం మరిచిపోయిన సంగతి అప్పటికి ఆమెకి తెలియదు.

సోమవారం అర్జీలన్నీ వినికిడి నోట్లోకి వెళ్ళాయి. గురువారానికల్లా పడవలపేటకి జీపులు రావడం మొదలైంది. లాకుల చుట్టూ తిరిగి, దుమ్ము రేపుకుంటూ, ఒకదాని వెనక ఒకటి వస్తుంటే ముక్తేశ్వరరావు పడక్కుర్చీ ఇటు తిప్పుకుని కూర్చున్నాడు.

"వచ్చారమ్మా! కొలతలకొచ్చారు!" అన్నాడు.

మొదటి జీపులోంచి పశువుల డాక్టరు దిగాడు. సూరన్న అర్జీలో "వంతెన లేని కాలువను చూచి దిగులుపడి మా గేదె పాలిచ్చుట మానినది" అని ఉందట. సూరన్నకి గేదె లేదు. ఎప్పుడూ లేదు. గేదె లేదంటే కాగితం మూతపడదని డాక్టరు మొత్తుకున్నాడు. చివరికి పక్కపేటనుంచి ఒక గేదెని తోలుకొచ్చి, దానికి సూది వేసి, సూరన్నని పక్కన నిలబెట్టి ఫొటో తీసుకుని వెళ్ళారు. ఆ గేదె పాలు శుభ్రంగా ఇస్తున్నదే. సూది పడ్డాక రెండురోజులు మానేసింది.

రెండో జీపు నలభై ఆరేళ్ళ బ్రహ్మచారి బుల్లెబ్బాయి ఇంటి ముందు ఆగింది. "వంతెన లేనందున సంబంధములు వచ్చుట లేదు" అని ఆయన అర్జీ. వచ్చిన అధికారిణి ముగ్గురు అమ్మాయిల ఫొటోలు బల్లమీద పరిచి, వారంలోగా ఒకరిని ఒప్పుకోవాలంది. బుల్లెబ్బాయి పెరటి తలుపులోంచి పారిపోయి మేనత్త ఊరు చేరుకున్నాడు. మంగతాయారు ఇంట్లో ఇంకా అన్యాయం. "వంతెన లేదన్న కోపము మా అత్తగారు నాపై తీర్చుకొనుచున్నారు" అని ఇంగువ రాసింది. ఆ అత్తాకోడళ్ళు పేటకే ఆదర్శం. సర్దిచెప్పడానికి వచ్చినవాళ్ళు ఇద్దర్నీ చెరో గదిలో కూర్చోబెట్టి, మీ బాధేమిటో చెప్పండి చెప్పండి అని గంటసేపు తరిచితరిచి అడిగారు. ఆ సాయంత్రానికి ఇద్దరికీ చెరో పన్నెండు బాధలు గుర్తొచ్చి, పొయ్యిలు వేరయ్యాయి.

నాలుగో జీపు హైమవతి ఇంటిముందే ఆగింది. కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ కాగితం తీసి పైకి చదివింది.

"మా ఆవిడ నోటి ధాటికి ఇంట మనశ్శాంతి కరువైనది. వంతెన ఉన్నచో అవతలకైనా పోదును."

ముక్తేశ్వరరావు నిలువునా నీరైపోయాడు. శేషారత్నం వంటగదిలోంచి గరిటెతో సహా వచ్చింది.

"భయపడకండమ్మా. మీ వైపు నుంచి కూడా వింటాం" అంది వచ్చినావిడ. "ముందు మీ భర్త పేరు చెప్పండి."

శేషారత్నం గరిటెతో సన్మానపత్రం చూపించింది.

"మీ నోటితో చెప్పాలండి, రికార్డు చేస్తాం."

"నా నోరు మంచిది కాదని రాసిచ్చారు కదండీ. ఆ గోడనే అడగండి" అని శేషారత్నం లోపలికి వెళ్ళి ధడాలున తలుపేసుకుంది.

కాలువ అవతల నుంచి రాజ్యం కేక వినిపించింది. "ఏమేవ్! మీ ఇంటికి జీపొచ్చిందేంటే?"

ఆ రోజు మొదటిసారిగా శేషారత్నం అక్కకి జవాబు చెప్పలేదు. మొగుడితోనూ మాట్లాడలేదు, కూతురితోనూ మాట్లాడలేదు. అన్నం వడ్డించి, పీటల ముందు చప్పుడయ్యేలా పెట్టి వెళ్ళిపోయేది. హైమవతి ఆ వారమంతా తినేటప్పుడు తల ఎత్తలేదు. తను సరదాకి చేసిన వస్తువు ఇంట్లో ఇంత నిప్పు పెడుతుందని ఆమె కల్లో కూడా అనుకోలేదు.

ఇక వీధివాళ్ళు చీపుళ్ళు పట్టుకొస్తారని ఎదురుచూసింది. వాళ్ళు వచ్చారు, కానీ నవ్వుతూ వచ్చారు. ఎందుకంటే ఎనిమిదో నంబరు ఇంటాయనకి ఇంగువ పుణ్యాన కుట్టుమిషను వచ్చింది. పక్కింటాయనకి కాలువలో కొట్టుకుపోయాయని రాసిన చెప్పులు, ఆయన సైజువే, ఇంటికొచ్చి తొడిగి వెళ్ళారు.

"అమ్మా హైమా, మా అర్జీలో ఇంగువ కూసింత ఎక్కువెయ్యి తల్లీ" అంది ఒకామె. "టీవీ పేలిపోయిందని పడేలా సూడు."

"మాకు మేక. వాచ్‌మన్ గారికి రాసినట్టు రాసెయ్యమ్మా."

వాళ్ళ వెనక నిలబడి ముక్తేశ్వరరావు అంతా విన్నాడు. "మరి వంతెనో?" అన్నాడు మెల్లిగా. ఎవరూ వినిపించుకోలేదు. ఆయన మళ్ళీ పడక్కుర్చీ గోడవైపు తిప్పుకున్నాడు. కాలువకి నీళ్ళొదలడానికి అయిదు వారాలుంది.

సోమవారం హైమవతి సెలవు పెట్టి కలెక్టరాఫీసుకి వెళ్ళింది. వినికిడి దగ్గర కూర్చునే ఆపరేటరు మేడమ్ మంచి మనిషి, రోజంతా యంత్రంతో తప్ప మాట్లాడేవాళ్ళు లేక విసిగిపోయిన మనిషి. బుల్లెబ్బాయి అర్జీ తెర మీదికి తెచ్చి చూపించింది. కాగితంలో చాలాభాగం బూడిదరంగులో ఉంది. పెళ్ళి సంబంధాల ముక్క ఒక్కటే నల్లగా మెరుస్తోంది.

"బూడిదరంగు అంటే ఏంటండి?"

"దాన్ని సదవదండి. మహారాజశ్రీ, దివ్యసముఖం, సిత్తగించవలెను, ఇలాంటివన్నీ అందరూ రాసేవే కదండి. మర్యాదకి రాసిందిలే అని తీసి పక్కనెట్టేత్తాది. మిగిలిందే అసలు బాధ అనుకుంటాదన్నమాట."

హైమవతి వంగి చూసింది. "వంతెన లేనందున" అన్న మాట కూడా బూడిదరంగులోనే ఉంది. గేదె అర్జీలోనూ అంతే, అత్తగారి అర్జీలోనూ అంతే. రెండువందల పద్నాలుగు ఇళ్ళూ వంతెన వంతెన అని మొత్తుకున్నాయి కాబట్టి, నమస్కారంలాగే అదీ మర్యాదమాట అనుకుని కరివేపాకులా ఏరిపారేసింది యంత్రం. అందరికీ కావలసింది దానికి కనబడదు. ఏ ఒక్కడికో కావలసిందే కనబడుతుంది. హైమవతికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. అక్కడే స్టూలు మీద కూర్చుని కాసేపు నవ్వింది. ఆపరేటరు మేడమ్ మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

ఇంటికి వస్తూ దుంగ దాటుతుండగా ఉపాయం తట్టింది. ఆ సాయంత్రమే వీధివాళ్ళని గట్టు మీద కూర్చోబెట్టింది.

"వచ్చే సోమవారం అందరం అర్జీలు పెడదాం. అందులో వంతెన మాట ఎవరూ రాయకూడదు. ఒక్క నాన్న మాత్రం రాస్తారు."

"అడక్కుండా ఎలా వత్తాదమ్మా?" అన్నాడు సూరన్న.

"అందరూ అడిగితేనే రావట్లేదు మావయ్యా. ఒక్కళ్ళడిగితే అది వింత. దానికి వింతే కావాలి."

"అయితే మా టీవీ ఏసుకోవచ్చా?"

"నీ టీవీ పేలిందా అసలు?" అంది పక్కామె.

అప్పటిదాకా వెనక నిలబడ్డ ముక్తేశ్వరరావు ముందుకొచ్చాడు. "అబద్ధాలు నేను రాయను. ఆ డబ్బా కూడా వద్దు. ఎవరి ఇంట్లో ఏం కష్టం ఉందో నాకు చెప్పండి, ఉన్నది ఉన్నట్టు రాస్తాను" అన్నాడు.

మర్నాడు టైపు మిషను మీద గుడ్డ తీశాడు. ఇల్లిల్లూ తిరిగి, అరుగు మీద కూర్చుని, మీ కష్టమేమిటండి అని అడిగాడు. ముప్ఫై ఏళ్ళుగా అందరికీ ఒకే అర్జీ రాసిన మనిషికి, పక్కింటి సూరన్నకి ఒక చెవి వినపడదని అప్పుడు తెలిసింది. మంగతాయారు అత్తగారికి చదువుకోవాలని ఉందట, డెబ్భై ఏళ్ళొచ్చాయి, అక్షరాలు నేర్పేవాళ్ళు కావాలట. బుల్లెబ్బాయి మేనత్త ఊరినుంచి తిరిగొచ్చి, చాలాసేపు నీళ్ళు నమిలి, ఆ మూడు ఫొటోల్లో రెండోది మళ్ళీ ఒకసారి చూపిస్తారేమో రాయమన్నాడు. ఇంగువ కల్పించినవాటికంటే ఇవే చిత్రంగా ఉన్నాయనిపించింది హైమవతికి. ఆరోజునుంచి ఆమె పోపుల డబ్బాను కాలేజీ నోటీసులకే పరిమితం చేసింది.

రెండువందల పన్నెండు పూర్తయ్యాక ఆయన వంటగది గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"నీకేం రాయమంటావ్?"

పదిహేను రోజుల తర్వాత శేషారత్నం నోరు విప్పింది. "మా అక్కతో కూకుని కాఫీ తాగాలి. అది రాయకూడదంది కదా మీ కూతురు. కాయితం కాళీగా ఇచ్చెయ్యండి."

ఆయన ఖాళీ కాగితం మీద ఆవిడ పేరు మాత్రం కొట్టి, దస్తరంలో అన్నిటికంటే పైన పెట్టాడు. అందరికంటే అడుగున తన పాత నమూనా పెట్టాడు. మహారాజశ్రీ కలెక్టరు వారి దివ్యసముఖమునకు, పడవలపేటకు వంతెన లేదు, దయచేయవలెను. ఒక్క మాట మార్చలేదు.

మూడోరోజున ఉత్తర్వు వచ్చింది. వంతెన మంజూరు! పేట పేటంతా గట్టు మీదికి వచ్చి గంతులేసింది. ముక్తేశ్వరరావుని ఇద్దరు భుజాలమీదికి ఎత్తుకున్నారు. హైమవతి కాగితం రెండోపేజీ తిప్పింది.

"అర్జీదారుల సంఖ్య: ఒకరు. వెడల్పు: ఒక మనిషికి సరిపడునంత. ఇతరులు వాడకుండునట్లు ద్వారము అమర్చవలెను. అర్జీదారు తన పేరు పలికినచో ద్వారము తెరచుకొనును."

ముక్తేశ్వరరావుని మెల్లిగా కిందికి దించారు.

ఇంజనీరు ఉత్తర్వులో ఉన్నదాంట్లో అక్షరం తప్పలేదు. ఇనప ముక్కలు లారీలో తెచ్చి, పన్నెండురోజుల్లో బిగించి, రెండు కొసలా రెండు గేట్లు పెట్టి, ఫొటో తీసుకుని వెళ్ళిపోయాడు. గేటుకి పట్టించిన చెవి మాత్రం నాసిరకం. ఎవరి గొంతన్నది దానికి తెలియదు, పేరు వినపడితే చాలు. మొదటిరోజు ఆ సంగతి కనిపెట్టింది బుల్లెబ్బాయి. చుట్టూ చూసి, గొంతు సవరించుకుని, "ముక్తేశ్వరరావు" అన్నాడు. గేటు తెరుచుకుంది.

ఆ తర్వాత సూరన్న ముక్తేశ్వరరావయ్యాడు. మంగతాయారు ముక్తేశ్వరరావయింది. పలక పట్టుకుని వాళ్ళ అత్తగారు ముక్తేశ్వరరావయింది. బడిపిల్లలు వరసగా నిలబడి ముత్తేస్సర్రావు, ముత్తేస్సర్రావు అని అరుచుకుంటూ దాటారు, గేటు అదీ ఒప్పుకుంది. పొద్దున్నే ఆయన రేకుల పాకకి బయల్దేరితే తన పేరు చెప్పుకోవడానికి తనే లైనులో నిలబడాల్సివచ్చేది. మొదట్లో సిగ్గుపడ్డాడు. రెండురోజుల తర్వాత ఆ మాట అందరి నోటా ఒకేలా వినపడుతుంటే ఆగి విని వెళ్ళడం మొదలుపెట్టాడు.

దాటనిది శేషారత్నం ఒక్కతే.

"నేను సెప్పనంటే సెప్పను" అంది.

"యంత్రానికేగా అమ్మా! మనిషికి కాదు కదా."

"ఇని పదిమందికీ సెప్పే మిషనది. మీ నాన్న పేరున నా నోరు మంచిది కాదని ఊరంతా సాటింది. ఆ నోటితో నేను ఆయన పేరెత్తను."

హైమ తనే చెప్పి గేటు తీస్తానంది. కానీ దాని ఎదుట నిలబడి చెప్తేనే దానికి వినపడుతుంది, ఒక పేరుకి ఒక మనిషినే పోనిస్తుంది. కూతురి వెనక తల్లి దూరబోతే చటుక్కున మూసుకుని చీర కొంగు పట్టుకుంది. శేషారత్నం కొంగు లాక్కుని ఇంటికొచ్చేసింది. మధ్యాహ్నం మూడింటికి యథాప్రకారం గ్లాసు పట్టుకుని గట్టు మీద నిలబడింది. రాజ్యం ఇవతలికి వద్దామంటే ఆమెది ఇంకో చిక్కు, తుంటి విరిగి మంచానికీ వాకిలికీ మధ్య మాత్రమే తిరగగలదు.

జూన్ పదిహేనున కాలువకి నీళ్ళొదిలారు. ఎర్రటి నీళ్ళు సుళ్ళు తిరుగుతూ వచ్చి తాటిదుంగని పట్టుకుపోయాయి. నీళ్ళ హోరులో గట్టు మీంచి కేకలు అవతలికి వినపడడం మానేశాయి. శేషారత్నం అరుస్తోంది, అక్కకి అందడం లేదు. రాజ్యం చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని వాకిట్లో నిలబడి, కాసేపు చూసి, లోపలికి వెళ్ళిపోయింది. శేషారత్నం కాఫీ తాగకుండానే పారబోసింది.

నాలుగో రోజున ఇంటి ముందు జీపు ఆగింది. ఎముకల డాక్టరు దిగాడు.

"ముక్తేశ్వరరావు గారంటే ఎవరండి? రోజుకి తొమ్మిదివందల సార్లు వంతెన దాటుతున్నారట. ఈ వయసులో ఇలా తిరిగితే మోకాళ్ళు ఏమవుతాయని వినికిడి నన్ను పంపింది."

ముక్తేశ్వరరావు ఒక్క క్షణం ఆలోచించాడు. ముప్ఫై ఏళ్ళలో అబద్ధం రాయని మనిషి, అప్పుడు మాత్రం వంటగది వైపు చెయ్యి చూపించాడు.

"ఆ మోకాళ్ళు అక్కడున్నాయండి. కాస్త చూడండి."

డాక్టరు చూశాడు. కట్టు కట్టాడు, మందు రాశాడు, రోజూ నాలుగడుగులు చదును నేల మీద నడవమన్నాడు. డాక్టరు వెళ్ళాక ముక్తేశ్వరరావు గొంతు తగ్గించి అన్నాడు. "ఆ కాగితంలో నీ నోటి గురించి రాసింది నేను కాదు. అదేదో ఇంగువ. నేను రాసిందల్లా పైన పెట్టిన ఖాళీ కాగితమే." చెప్పులేసుకుని, లైనులో నిలబడి, తన పేరు చెప్పుకుని పాకకి వెళ్ళిపోయాడు. ఆ ఎండకి పాకలో కూర్చోలేక, మధ్యాహ్నం అర్జీలు రాజ్యం వదినగారి అరుగు మీద రాసుకోవడం ఆయనకి ఈమధ్య అలవాటైంది.

మూడయింది. హైమవతి కాలేజీనుంచి త్వరగా వచ్చేసరికి, గేటు ముందు తల్లి నిలబడి ఉంది. మూతపెట్టిన చెంబులో కాఫీ. వెనక పదిమంది లైను. ఎవరూ తొందరపెట్టడంలేదు, అందరూ అటూ ఇటూ చూస్తున్నట్టు నటిస్తున్నారు.

శేషారత్నం పెదవులు కదిలాయి. గేటు కదల్లేదు.

"వినపడలేదు. మళ్ళీ చెప్పండి" అంది గేటు.

ఆవిడ చెవులదాకా ఎర్రబడింది. వెనక్కి తిరిగి హైమని చూసింది, లైనుని చూసింది, అవతలి గట్టు మీద ఖాళీగా ఉన్న వాకిలిని చూసింది. నీళ్ళు హోరుమంటున్నాయి. చెంబు రెండుచేతులా గట్టిగా పట్టుకుని, నలభై ఏళ్ళుగా దాచుకున్నదంతా ఒక్కసారిగా తీసి అరిచింది.

"ముక్తేశ్వరరావూ!"

గేటు తెరుచుకుంది. అవతల అరుగు మీద టైపు మిషను చప్పుడు ఆగిపోయింది. రాజ్యం కర్ర పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. ఆమె వెనకే ముక్తేశ్వరరావు, కళ్ళజోడు నుదుటిమీదికి తోసుకుని, అరుగు అంచున నిలబడిపోయాడు.

"ఏంటి?" అన్నాడు.

"ఏం లేదు, మిమ్మల్ని కాదు" అంది శేషారత్నం తలదించుకుని వంతెన దాటుతూ. "ఇంకో గ్లాసు పట్రండి."